కడుపు కండరములు: వానిని నడపు లవణములు, బిగించు విషములు

గడచిన సార్వా పంటకాలములో ఒకనాటి మధ్యాహ్నము మన సభ్యుడొకడు సంఘపు అరుగుమీదికి వచ్చి కూలబడి, కడుపు పట్టుకొని మెలికలు తిరుగసాగెను. చుట్టునున్నవారు తలకొక మాట చెప్పిరి. రాత్రి తిన్న కూర పడలేదని ఒకరు, వాతము చేసినదని ఒకరు, వాము నమిలించుడని వేఱొకరు. వాము నమిలించిరి, సోడా త్రాగించిరి. నొప్పి తగ్గలేదు సరికదా, నోటివెంట చొంగ కారజొచ్చెను, అంగవస్త్రము పిండిన నీరు కారునంత చెమట పట్టెను, రెండు వాంతులైనవి. మా గుమాస్తా అతని కనురెప్పలెత్తి చూచి, "పాపలు ఆవగింజలంత అయిపోయినవండీ. ఈయన ప్రొద్దుటినుండి చేలో మందు కొట్టుచున్నాడు గదా!" అనెను. అప్పటికి గాని మాకు సంగతి తోచలేదు. వెంటనే బండి కట్టించి, అనగా నేటి వాడుకలో ఆటో మాట్లాడి, పిఠాపురమునుండి కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చితిమి. ఎనిమిది దినములకు మనిషి ఇల్లు చేరెను. వామును సోడాయును నమ్ముకొని మఱి రెండు గంటలు అరుగుమీదనే యుండిన ఏమగునో వ్రాయ నవసరము లేదు.

పురుగులను చంపుటకు చేసిన మందు మనిషి కడుపును ఏల మెలిపెట్టవలెను? ఈనిన గేదె మూడవనాటికి నెమరు మాని, డొక్క కదలక పడియుండుటకు కారణమేమి? విరేచనములు తగ్గిన పసిపిల్లకు పొట్ట డోలువలె ఉబ్బుటకు కారణమేమి? ఇవి మూడును వేర్వేఱు రోగములుగా కన్పట్టును గాని, మూడింటను దెబ్బతినునది ఒక్కటే: జీర్ణకోశపు గోడలోని కండరము. ఆ కండరము ఏయే పదార్థములవలన ముడుచుకొనునో, ఏయే పదార్థములవలన వదులగునో తెలిసికొన్నచో, పైరు, పాడి, సంసారము మూడింటను మనకు పనికివచ్చునని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన శరీరములో కండరములు మూడు జాతులు. చేతులు కాళ్లు కదల్చునవి మన ఇచ్ఛకు లోబడునవి. గుండె కండరము వేఱొక జాతి. మూడవది కడుపు, ప్రేగులు, మూత్రాశయము, గర్భాశయము, రక్తనాళముల గోడలలో నుండునది. దీనిపై చారలు కానరావు గనుక దీనిని నునుపు కండరమందురు. ఇది మన ఆజ్ఞ వినదు. మనము నిద్రించుచుండగా కూడ తన పని తాను చేసికొనును. అన్నము మ్రింగగానే కడుపు పైభాగము వదులై చోటిచ్చును. క్రిందిభాగము నిమిషమునకు మూడు అలల చొప్పున ముడుచుకొనుచు, తెఱచుకొనుచు, అన్నమును రుబ్బురోలువలె రుబ్బి, పలుచని గంజిగా చేసి, కొంచెము కొంచెముగా చిన్నప్రేగునకు వదలును. ఈ అలలకు తాళము వేయు కణములు కడుపు గోడలోనే యున్నవి.

ఇక లవణముల మాట. ఉప్పును నీటిలో వేసిన కరుగునని అందఱకు తెలియును. కరుగుటయనగా, ఉప్పు రెండు తునుకలుగా విడిపోవుట. ఒక తునుకకు ధనవిద్యుత్తును, రెండవదానికి ఋణవిద్యుత్తును ఉండును. అట్టి తునుకలకే అయానులని పేరు. మన రక్తములో సోడియము, పొటాషియము, కాల్షియము, మెగ్నీషియము అను లోహముల అయానులు ఎల్లప్పుడు తిరుగుచుండును. కాల్షియమన మన సున్నములోని ధాతువే. పొటాషియమన మనము మ్యూరియేటు ఆఫ్ పొటాషు అని బస్తాలుగా కొని చేలో చల్లు ఎరువులోనిదే. అయినను ఎరువు బస్తాలోని పొటాషును ఎవరును నోట వేసికొనరాదు. పదార్థమొకటే అయినను మోతాదు, శుద్ధి వేఱు.

ఈ అయానులు లేనిదే కండరము కదలదను సంగతి బయటపడిన విధము చోద్యముగా నుండును. లండనులో సిడ్నీ రింగరు అను వైద్యుడు 1882 ప్రాంతమున కప్పగుండెను శరీరమునుండి వేఱుచేసి, ఉప్పునీటిలో ఎంతసేపు కొట్టుకొనునో పరీక్షించుచుండెను. శుద్ధజలములో కరగించిన ఉప్పునీటిలో గుండె చక్కగా కొట్టుకొనుచున్నదని ఆయన మొదట ప్రకటించెను. పిమ్మట విచారింపగా, ఆయన సహాయకుడు శుద్ధజలమునకు బదులు ఊరి కుళాయినీటినే వాడెనని తెలిసెను. నిజముగా శుద్ధజలము వాడినప్పుడు గుండె కొంతసేపటికే ఆగిపోయెను. కుళాయినీటిలో ఉండి శుద్ధజలములో లేనిదేమి? సున్నము. ఆ కొద్దిపాటి కాల్షియమే గుండెను నడిపినది. 1883లో రింగరు ఆ సంగతిని సవరించి వెల్లడించెను. తన పొరపాటును దాచక చెప్పినందువలన శాస్త్రమున కొక మూలసూత్రము దక్కినది. ఆయన పేరిట రింగరు ద్రావకమనునది నేటికిని ఆసుపత్రులలో సీసాలకొలది రక్తనాళములకు ఎక్కించుచున్నారు. గుండెకు కనుగొన్న ఈ నియమము తరువాత కడుపు కండరమునకును వర్తించునని తేలినది.

కండర కణమును మన పొలముతో పోల్చి చూతము. గట్టునకు వెలుపల కాలువ నిండుగా పాఱుచున్నది. లోపల పొలము ఎండియున్నది. తూము తెఱచిన నీరు ఉఱుకును. కణమునకు వెలుపలనున్న కాల్షియము లోపలిదానికంటె సుమారు పదివేల రెట్లు అధికము. కణపు పొరలో తూములున్నవి. అవి తెఱచుకొన్న కాల్షియము లోనికి చొచ్చును. కణములోపల చిన్నచిన్న తిత్తులలో నిలువయున్న కాల్షియము కూడ విడుదలయగును. అది కాల్మాడ్యులిను అను మాంసకృత్తుతో కలిసి, ఆ రెండును కలిసి ఒక ఎంజైమును మేల్కొలుపును. ఆ ఎంజైము కండరతంతువులకు భాస్వరమును తగిలించును. అంతట తంతువులు ఒకదానినొకటి పట్టి లాగుకొనును. కండరము ముడుచుకొనును. పని ముగియగానే కణము కాల్షియమును వెలుపలికి తోడిపోయును, తిత్తులలోనికి మరల చేర్చును, వేఱొక ఎంజైము ఆ భాస్వరమును ఊడదీయును, కండరము వదులగును. ఏతమెత్తి తోడుటకు ఎంత కష్టమో ఈ తోడుటకును అంత శక్తి వ్యయమగును.

ఆ శక్తినిచ్చు పదార్థము పేరు ఎడినోసిను ట్రైఫాస్ఫేటు. దీని చరిత్రలో మన గోదావరి బిడ్డ పేరున్నది. భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమున చదివి, అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కితో కలిసి, రక్తములోను కండరములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతితోనే 1927లో కండరములో ఫాస్ఫోక్రియేటినును, 1929లో ఈ ఎడినోసిను ట్రైఫాస్ఫేటును గుర్తించిరి. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ కూడ దానిని వేఱుగా కనుగొనెను. సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను ప్రేగుల వ్యాధితో మరణించిరి. ఆయనయు ఆ వ్యాధికి చిక్కి బ్రదికినవారే. ప్రేగులు చెడి ఇంటిలోనివారు కన్నుమూయుట చూచినవాడు, ప్రతి కండరమును ముడుచునట్టి ఇంధనమును కనుగొనుట మేము తలచినప్పుడెల్ల మనస్సును కదలించును. 1948లో న్యూయార్కున మరణించిన ఆ మహనీయుని గూర్చి మన పాఠశాలలలో ఇంకను తక్కువగానే చెప్పుచున్నారు.

కాల్షియపు తూములను తెఱచుటకు ఆజ్ఞ నిచ్చునదెవరు? మెదడునుండి కడుపువఱకు దిగు వేగస్ అను నాడి. నాడి కండరమును తాకి లాగదు. తన చివరినుండి ఒక రసాయనమును చిలుకును. ఈ సంగతిని ఋజువు చేసినవాడు ఆస్ట్రియాలోని ఆటో లోవీ. పరీక్ష చేయు విధానము తనకు రాత్రి కలలో తోచినదనియు, లేచి కాగితముపై గీచికొన్నది తెల్లవాఱి చదువరాకపోయెననియు, మఱునాటి రాత్రి మరల అదే కల రాగా తక్షణమే లేచి ప్రయోగశాలకు పోయితిననియు ఆయనే చెప్పుకొన్నాడు. రెండు కప్పగుండెలను తీసికొని, ఒకదాని వేగస్ నాడిని కదల్చి, దాని చుట్టునున్న ద్రవమును రెండవదానిపై పోయగా, నాడిలేని రెండవ గుండె కూడ మెల్లగించెను. 1921లో ప్రకటితమైన ఈ పరీక్షకు 1936లో హెన్రీ డేలుతోపాటు ఆయనకు నోబెలు బహుమానము వచ్చెను. ఆ రసాయనమే ఎసిటైల్ కోలిను. అది గుండెను నెమ్మదింపజేయును, కడుపు కండరమును మాత్రము బిగించును, లాలాజలమును, చెమటను, ఊపిరితిత్తులలోని జిగటను ఊరించును, కంటిపాపను ముడుచును. ఈ నాలుగైదు గుణములను పాఠకులు గుర్తుంచుకొనవలెను. అరుగుమీద మేము చూచినవి ఇవియే.

ఆజ్ఞ ఎంత ముఖ్యమో, ఆజ్ఞ అయిపోయిన తరువాత దానిని చెరిపివేయుటయు నంత ముఖ్యము. లేనిచో కండరము బిగిసినది బిగిసినట్లే యుండును. ఎసిటైల్ కోలినును చెరిపివేయుటకు కోలినెస్టరేసు అను ఎంజైము నాడి చివరలయొద్ద కాపలా యున్నది. అది రెప్పపాటులో వేలకొలది అణువులను విఱుగగొట్టగలదు. మనము చేలలో వాడు ఆర్గానోఫాస్ఫరస్ మందులు, అనగా క్లోరిపైరిఫాసు, ప్రొఫెనోఫాసు, మోనోక్రోటోఫాసు మున్నగునవి, సరిగా ఈ కాపలావానినే పట్టుకొని కట్టివేయును. కార్బోఫ్యూరాను గుళికల వంటి కార్బమేటు మందులును ఇదే పని చేయును. వాని కట్టు కొంత వదులు, తనంతట తాను ఊడును. ఆర్గానోఫాస్ఫరస్ కట్టు అట్లుకాదు. కొన్ని మందులలో కొలది గంటలకే, కొన్నింట ఒక దినము దాటిన తరువాత ఆ ముడి శాశ్వతమై, పిమ్మట ఏ ఔషధమును విప్పజాలదు. శరీరము క్రొత్త ఎంజైమును తయారుచేసికొనువఱకు వేచియుండవలసినదే. పురుగు నాడులలోను ఇదే ఎంజైమున్నది గనుక పురుగు చచ్చును. మనిషికిని పురుగునకును ఈ విషయములో తేడా చాల స్వల్పము. చేలో మందు కొట్టువాడు ఈ మాటను మఱువరాదు.

ఈ విషముల చేతిలో మన దేశము పెద్ద దెబ్బయే తిన్నది. 1958లో ఓడలో పారథయాను డబ్బాలతోపాటు వచ్చిన గోధుమపిండి కలుషితమై, దానిని తిని కేరళలో నూఱుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాత జరిగిన విచారణ ఫలితముగానే 1968లో కీటకనాశినుల చట్టము వచ్చెను. మన తెలుగుదేశపు లెక్కయొకటి యింకను కఠోరమైనది. వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిలో 1997 మొదలు 2002 వఱకు పురుగుమందుల విషముతో చేరినవారు 8040 మంది. వారిలో నూటికి 22 మందికి పైగా మరణించిరి. 2002 సంవత్సరపు వివరములను పరిశీలింపగా, మూడింట రెండువంతులు ముప్పదియేండ్లు నిండనివారు. చాల ఎక్కువమంది పొరపాటున గాక, ఒక దుఃఖసమయమున చేతికందిన డబ్బాను త్రాగినవారే. ప్రత్తి చేలకు తెచ్చిన మందు ఇంటి చూరులో నుండుటయే అక్కడ ప్రాణములు తీసినది. డబ్బా ఎదుట లేనిచో ఆ ఘడియ గడచిపోయి యుండునని వైద్యులనుమాట. మన యిండ్లలో మందు డబ్బాలు ఎచ్చటనున్నవో సభ్యులు ఈ వ్యాసము ముగించిన వెంటనే లేచి చూచికొనవలెనని మా మనవి. తాళముగల పెట్టె, పశువులపాకకు దూరముగా, వంటయింటికి మఱియు దూరముగా.

ప్రభుత్వము 2018 ఉత్తరువులో ఫోరేటు, ట్రైజోఫాసు, డైక్లోర్వాసు మొదలైన కొన్ని మందులను 2020 అంతముతో నిలుపుచేసెను. మోనోక్రోటోఫాసును కూరగాయలపై 2005లోనే నిషేధించి, 2023లో దాని 36 శాతపు ద్రావకమును మొత్తముగా మాన్పించుటకు ఉత్తరువిచ్చెను. పాత సరకు ఎవరియింటనైన మూల పడియున్నచో వాడబూనక, వ్యవసాయాధికారికి తెలుపుట మేలు.

విషము తగిలినవానికి చేయవలసినది స్వల్పమే గాని, త్వరగా చేయవలెను. చేనినుండి గాలితగులు చోటికి తీసికొనిపోవలెను. తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒడలు, జుట్టు, గోళ్ల సందులు కడుగవలెను. కడుగువారు తమ చేతులకు తొడుగులో, ప్లాస్టిక్కు సంచులో వేసికొనవలెను. స్పృహ తప్పుచున్నచో ఎడమప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. గొంతులో వ్రేళ్లు పెట్టి కక్కించరాదు. ఉప్పునీరు, పాలు, గ్రుడ్లు, నేయి పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయి రెండవ ప్రమాదమగును. 108కి కబురు పంపి, మందుడబ్బానో దాని చీటినో రోగితో కూడ పంపవలెను. వైద్యునకు దానికంటె ఉపకారము లేదు. ప్రాణము తీయునది కడుపునొప్పి గాదు, ఊపిరితిత్తులలో ఊరు నీరును, శ్వాసకండరముల నీరసమును. ఒకటి రెండు దినములలో తేఱుకొన్నట్లు కన్పించినవానికి సైతము, నాలుగు దినముల లోపల మెడయు శ్వాసయు సడలిపోవుట కలదు. కావున వైద్యుడు పొమ్మను పర్యంతము ఆసుపత్రిలోనే యుండవలెను. పనులున్నవని మూడవనాడే మంచము దిగినవారి కథలు మేము వింటిమి, వ్రాయుటకు మనసొప్పదు.

ఆసుపత్రిలో ఇచ్చు ముఖ్యౌషధము అట్రోపీను. ఇది ఎసిటైల్ కోలిను కూర్చుండు పీటపై తాను కూర్చుండి, దానికి చోటులేకుండ చేయును. ఆజ్ఞలు ఎన్ని వచ్చినను కండరము వినదు. కడుపు సడలును, చొంగ ఆరును, ఊపిరితిత్తులు పొడియగును. కట్టబడిన ఎంజైమును విప్పుటకు ప్రాలిడాక్సిము అను మందును కొందఱు వైద్యులు తొలిగంటలలో ఇత్తురు. దాని ప్రయోజనమును గూర్చి వైద్యులలో ఇంకను ఏకాభిప్రాయము లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. అట్రోపీను జాతి రసాయనములు మన దొడ్లవెంట పెరుగు ఉమ్మెత్తలో నున్నవి. ఇది విని ఎవరైన మందు తగిలినవానికి ఉమ్మెత్తాకు రసము పోసెదరేమోయని మాకు భయము. అట్లు చేయరాదు. ఒక చెట్టు ఆకునకును మఱియొక చెట్టు ఆకునకును, ఒకే చెట్టు గింజకును ఆకునకును విషపు పాళ్లు మాఱును. ఆసుపత్రిలో వైద్యుడు అట్రోపీనును కొద్ది కొద్దిగా ఎక్కించుచు, గుండె వేగమును, ఊపిరితిత్తుల చప్పుడును వినుచు మోతాదు పెంచును. ఉమ్మెత్త తిన్నవాని లక్షణములు మందు తగిలినవానికి నేరుగా ఎదురు: నోరు ఎండును, పాపలు పెద్దవగును, ఒడలు కాలును, కడుపు కదలక స్తంభించును, మతి చలించును. ఒకడు బిగిసి చచ్చును, ఒకడు సడలి చచ్చును. నల్లమందు తిన్నవారికి మలబద్ధము కలుగుటయు నిట్టిదే. అది నాడి చివరనుండి ఎసిటైల్ కోలిను వెలువడుటనే తగ్గించును.

వామును మేము మొదట తక్కువచేసి మాటాడితిమి గనుక దానికి న్యాయము చేయవలెను. సాధారణపు అజీర్ణపు పోటులో వాము పనిచేయుననుట పెద్దల అనుభవము. జంతువుల ప్రేగు ముక్కలను ద్రావకములో వ్రేలాడదీసి చేసిన పరీక్షలలో వాము సారము కాల్షియపు తూములను కొంతవఱకు మూసి కండరమును సడలించినట్లు కనబడినది. పుదీనా జాతిలోని మెంథాలును ఇట్లే చేయును. కడుపు అజీర్ణముతో ముడుచుకొన్నప్పుడు ఇవి ఉపకరించును. కోలినెస్టరేసు కట్టుబడినప్పుడు వామేమి చేయగలదు? వఱద వచ్చి గండిపడినచోట గడ్డిపరకను అడ్డుపెట్టినట్లే.

పొటాషియపు సంగతి దీనికి భిన్నము. ఇది కణములోపల అధికము, వెలుపల స్వల్పము. ఈ వ్యత్యాసమే కణపుపొరపై విద్యుత్తును నిలిపి కాల్షియపు తూములను అదుపులో నుంచును. ప్రయోగశాలలో కండరపు ముక్క చుట్టు పొటాషియము పెంచిన తూములు తెఱచుకొని కండరము బిగియును. రక్తములో పొటాషియము తఱుగుచున్నకొలది తూములు మొరాయించి కండరము సోలిపోవును. విరేచనములలో నీటితోపాటు పొటాషియమును పోవును. అందువలననే పిల్లకు విరేచనములు కట్టినవని సంతోషించుచుండగా పొట్ట ఉబ్బి, ప్రేగుల చప్పుడాగి, మెడ నిలుపలేకపోవుట కద్దు. ఈ స్థితిలో ఆలస్యము చేయక వైద్యునియొద్దకు పోవలెను. అసలు ఆ స్థితి రాకుండుటకు విరేచనములు మొదలైననాడే ఓఆర్ఎస్ పొట్లమును కలిపి త్రాగించవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లో స్థిరపఱచిన కొలతలో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోసు 13.5 గ్రాములు, పొటాషియము క్లోరైడు 1.5 గ్రాములు, సోడియము సిట్రేటు 2.9 గ్రాములు ఉండును. మన కోనసీమ కొబ్బరినీళ్లలో పొటాషియము సమృద్ధిగా నున్నది, సోడియము మాత్రము చాలదు. అందువలన కొబ్బరినీరు పొట్లమునకు తోడే గాని బదులు కాదు. మూత్రపిండముల వ్యాధిగలవారు కొబ్బరినీరు విరివిగా త్రాగరాదు. వారి రక్తములో పొటాషియము పెరిగి గుండెకు ముప్పు తెచ్చును.

బేరియమను లోహమును గూర్చి రెండు మాటలు. పూర్వము ఎలుకలకు పెట్టు మందులలో బేరియం కార్బనేటు ఒకటి. అది కడుపులోని ఆమ్లముతో కలిసి కరిగి, పొటాషియము వెలికిపోవు దారులను మూసి, నునుపు కండరమును ఘోరముగా బిగించును. అదే బేరియము గంధకికామ్లముతో కూడిన సల్ఫేటుగా ఉన్నప్పుడు నీటిలోగాని ఆమ్లములోగాని కరుగదు. కనుక దానిని గ్లాసెడు త్రాగించి ఎక్సురేతో కడుపు కదలికలను నిర్భయముగా చూచుచున్నారు. కరుగనిది అయాను కాదు. అయాను కానిది కండరమును అంటదు.

ఇక పాడి. గేదె పెద్దపొట్ట నునుపు కండరపు సంచియే. ఎడమ డొక్కపై పిడికిలి ఆనించి నిలుచున్న, ఆరోగ్యముగల పశువునకు రెండు నిమిషములలో రెండు మూడు పర్యాయములు పొట్ట పొంగి పిడికిలిని తోయును. ఇంతకంటె చవుకైన పరీక్ష వేఱొకటి లేదు. పాలు పితుకుటకు ముందు దినమున కొకసారి చేసికొనుట మంచి అలవాటు. పెండ్లిలో మిగిలిన అన్నమును జాలిపడి గేదెముందు కుమ్మరించినచో, అది పొట్టలో పులిసి లాక్టిక్ ఆమ్లము పుట్టి, కండరము కదలక నిలిచిపోవును. యూరియా కలిపిన నీరు త్రాగినను, యూరియా బస్తా నాకినను అమ్మోనియా పుట్టి అదే స్తంభన కలుగును. ఒకటి పులుపు, ఒకటి క్షారము. రెండింటి చికిత్సయు ఒకదానికొకటి విరుద్ధము గనుక, ఏది తిన్నదో పశువైద్యునకు నిజము చెప్పవలెను. అన్నము పెట్టితిమని చెప్పుటకు సిగ్గుపడి గేదెను పోగొట్టుకొన్న యిల్లు మాకు తెలియును.

ఎక్కువ పాలిచ్చు పశువు ఈనిన మొదటి మూడు దినములలో వచ్చు పాలజ్వరమున్నది. పేరునకే జ్వరము, నిజమునకు ఒడలు చల్లబడును, చెవులు మంచువలె నుండును, నెమరు మాని, డొక్క ఉబ్బి, మెడ ప్రక్కకు త్రిప్పుకొని పడుకొనును. దీనికి కారణము శతాబ్దముపైన తెలియలేదు. 1897లో డెన్మార్కువాడైన ష్మిట్ పొదుగులోనికి మందు ఎక్కించి ఎన్నో పశువులను బ్రదికించెను గాని, ఎందువలన బ్రదికినవో ఆయనకు తెలియదు. 1925లో స్కాట్లండులో డ్రయరు, గ్రెగ్ అనువారు రక్తములో కాల్షియము తఱుగుటయే మూలమని తేల్చిరి. ముఱ్ఱుపాలలో లీటరునకు సుమారు రెండు గ్రాముల కాల్షియముండును. పశువు రక్తమంతటిలోను ఒక సమయమున ఉండునది సుమారు మూడు గ్రాములే. పది లీటర్లు పితికిన ఇరువది గ్రాములు! ఎముకలనుండి అది వెంటనే పూరింపబడకున్న, సున్నము లేని నీటిలో రింగరుగారి కప్పగుండె ఆగినట్లే, పొట్ట కండరము మొదట ఆగును, పిదప కాళ్లు, కడపట గుండె.

కాల్షియము తక్కువైనచో ముందునుండే సున్నము, ఖనిజమిశ్రమము దండిగా పెట్టుట మేలుగదాయని సభ్యులు పలుమాఱు అడిగిరి. ఇక్కడ మన లెక్క తలక్రిందులగును. చూడియొక్క చివరి వారములలో కాల్షియము అధికముగా మేసిన పశువు శరీరము ఎముకలనుండి దానిని తీయు అలవాటు కోల్పోవును. ఈనిననాడు అకస్మాత్తుగా కావలసివచ్చిన తీయజాలదు. కావున ఖనిజమిశ్రమమును ఈనిన పిదప దండిగాను, ఈనుటకు ముందు మూడు వారములు పశువైద్యుడు చెప్పిన మేరకు మాత్రమే పెట్టవలెను.

చికిత్స కాల్షియం బోరోగ్లూకొనేటు సీసాను సిరలోనికి ఎక్కించుట. పడియున్న గేదె అరగంటలో త్రేన్పి, పేడవేసి, లేచి నిలుచుట చూచినవారికి అది మాయవలె తోచును. అయితే ఆ కాల్షియమే వేగముగా పోయిన గుండెను బిగించి నిలిపివేయును. మెల్లగా, సీసాను గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వినుచు ఎక్కించవలసినది. పశువైద్యుడు తప్ప వేఱొకరు ఆ పనికి పూనుకొనరాదు. సీసా మందుల కొట్టులో దొరకుచున్నదిగదాయని తామే పొడుచుకొన్నవారు ఈ ప్రాంతమున లేకపోలేదు. పశువైద్యుడు వచ్చువఱకు గేదెను ప్రక్కకు పడిపోనీక, రొమ్ముపై కూర్చుండునట్లు గడ్డిమోపులను ఆనించి యుంచవలెను. నోట ఏమియు పోయరాదు, మ్రింగు కండరము కూడ సడలియుండును గనుక అది ఊపిరితిత్తులలోనికి పోవును. లేచిన తరువాత మొదటి దినము పొదుగును పూర్తిగా పిండక, దూడకు కావలసినంతమాత్రమే తీయవలెను.